లెక్కలు మేలుకొనేనాటికి మనిషి లేడు

దేశంలోని విశ్వవిద్యాలయాలు ఏటా ఒక జాబితా కోసం ఎదురుచూడటం కొద్ది సంవత్సరాలుగా ఆనవాయితీ అయింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు రూపొందించే ఈ జాబితాలో, ప్రపంచంలో అత్యధికంగా ఉల్లేఖనలు పొందిన శాస్త్రజ్ఞులలో తొలి రెండు శాతం మంది పేర్లు చోటుచేసుకుంటాయి. అందులో తమ అధ్యాపకుని పేరు కనిపించడమే తడవుగా పత్రికా ప్రకటన, అభినందన సభ, ప్రవేశాల కరపత్రంలో ఫొటో. ఆ అధ్యాపకుడు కనుగొన్నదేమిటన్న విషయం మాత్రం ఆ ప్రకటనలలో అరుదుగా కనిపిస్తుంది. వ్యాసాలెన్ని, ఉల్లేఖనలెన్ని, హెచ్ సూచిక ఎంత అన్న మూడు అంకెలతో మనిషి పరిచయం ముగిసిపోతుంది.

ఒక పరిశోధకుడు తన వ్యాసం చివర తాను ఆధారపడిన పూర్వ పరిశోధనలను పేర్కొంటాడు. అలా పేర్కొనడమే ఉల్లేఖన, ఆంగ్లంలో సైటేషన్. ఏ వ్యాసాన్ని ఎందరు పేర్కొన్నారో లెక్కగట్టి పుస్తకంగా అచ్చువేయవచ్చునన్న ఆలోచనను ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రకటించాడు. 1960వ దశకం మధ్యనాటికి అది సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా వెలువడింది. గ్రంథాలయాలలో వెతుకులాటకు సాధనంగా పుట్టిన ఈ సూచిక క్రమంగా మనుషులను తూచే త్రాసుగా మారింది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన హెచ్ సూచికతో ఆ త్రాసు చేతిలో ఇమిడే సైజుకు వచ్చింది. ఒకరి వ్యాసాలలో ఇరవైకి తలా ఇరవై ఉల్లేఖనలైనా ఉంటే ఆయన హెచ్ సూచిక ఇరవై. ఇంత సులువైన లెక్క దొరికిన తరువాత, నియామక సంఘాలు వ్యాసాలను తెరిచి చూసే శ్రమ ఎందుకు పెట్టుకుంటాయి?

ఈ లెక్కల జోరు మిక్కుటంగా ఉన్న రంగాలలో కణ సంకేతాల శాస్త్రం ఒకటి. శరీరంలోని కణం వెలుపలి నుంచి వచ్చే సందేశాన్ని ఎలా అందుకుంటుంది, దానిని లోపలికి ఎలా చేరవేస్తుంది, విని ఏం చేస్తుంది అన్నవి ఈ శాస్త్రం పరిశోధించే ప్రశ్నలు. గుండె జబ్బులకు, ఉబ్బసానికి, కొన్ని రకాల కాన్సర్లకు వాడే మందులు ఈ సంకేతాల దారిలోనే ఎక్కడో ఒకచోట పనిచేస్తాయి. పరిశోధకుల సంఖ్య అపారం గనుక ఉల్లేఖనలూ అపారం. గణితంలో జీవితకాలం కృషి చేసినవారికి దక్కని అంకె ఇక్కడ ఒక మోస్తరు వ్యాసానికి రెండు మూడేళ్లలో దక్కవచ్చు. ఇంతటి రంగానికి ఒక ముఖ్యమైన పనిముట్టు లభించడానికి మూలమైన భారతీయునికి, ఆయన జీవించి ఉండగా స్వదేశంలో దక్కినదేమిటో తెలుసుకుంటే నేటి లెక్కల విలువ ఏపాటిదో కొంతవరకు బోధపడుతుంది.

కలకత్తాలో రెండు పుటల వ్యాసం

శంభునాథ్ దే 1915 ఫిబ్రవరి 1న పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా గరీబటి గ్రామంలో జన్మించారు. కలకత్తా వైద్య కళాశాలలో చదివారు. లండన్‌లో రాయ్ కామెరాన్ వద్ద పరిశోధన చేసి 1949లో పీహెచ్‌డీ పొందారు. తిరిగి వచ్చి కలకత్తాలోని నీల్‌రతన్ సర్కార్ వైద్య కళాశాలలోనూ, తరువాత తాను చదివిన కళాశాలలోనూ వ్యాధి విజ్ఞానం బోధించారు. విద్యార్థులకు పాఠాలు, పరీక్షల దిద్దుబాటు, ఆసుపత్రి పని, మిగిలిన వేళల్లో పరిశోధన. వైద్య కళాశాల అధ్యాపకుని దినచర్యలో పరిశోధనకు మిగిలే భాగం ఎంతో చెప్పనక్కరలేదు.

ఆయన ఎంచుకున్న వ్యాధి కలరా. కోస్తా పల్లెల్లో మరిడిగా, తెలంగాణలో గత్తరగా ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించిన మహమ్మారి ఇది. గ్రామదేవతలలో మరిడమ్మ వెలసినది ఈ జాడ్యం భయంతోనే. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాకే వచ్చి ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. ఆ జీవి ఏదో విషాన్ని వెలువరిస్తుండవచ్చునని కూడా ఊహించాడు. కాని జంతువులలో ఆ సంగతి రుజువు చేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. సూక్ష్మజీవిని రక్తంలోకో పొట్ట కుహరంలోకో ఎక్కిస్తే జంతువు చనిపోయేది. కలరా మాత్రం వచ్చేది కాదు. సూక్ష్మజీవి చచ్చి చీలినప్పుడు దాని శరీరం నుంచి వెలువడే పదార్థమే రోగానికి మూలమన్న అభిప్రాయం దశాబ్దాల తరబడి రాజ్యమేలింది.

దే ఆలోచన సూటిగా సాగింది. కలరా పేగుల జబ్బు కాబట్టి పేగులోనే పరీక్షించాలి. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చోట్ల దారంతో ముడివేసి, ఆ మధ్య భాగంలోకి కలరా సూక్ష్మజీవులను ఎక్కించి, మరునాడు పొట్ట తెరిచి చూశారు. ముడుల నడుమ పేగు నీటితో ఉబ్బిపోయి ఉంది. కలరా రోగి విసర్జించే బియ్యపు కడుగు వంటి నీరే అది. సహచరుడు చటర్జీతో కలిసి ఈ పద్ధతిని 1953లో ప్రకటించారు. ఖరీదైన యంత్రమేదీ అవసరం లేని పద్ధతి. ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. ఇటువంటి ప్రయోగాన్నే వియోల్, క్రెండిరోపూలో అనే ఇద్దరు 1915లో ప్రకటించారు. అది మరుగున పడిపోయింది. శాస్త్రలోకపు జ్ఞాపకశక్తి అందరూ అనుకునేంత గట్టిది కాదు.

1956లో దే ఇదే పద్ధతితో, అతిసార రోగుల నుంచి సేకరించిన ఇ.కోలి సూక్ష్మజీవులు కొన్ని కూడా కలరా మాదిరే పేగును ఉబ్బించగలవని సహచరులతో కలిసి చూపారు. 1959 మేలో బ్రిటన్‌లోని నేచర్ పత్రికలో ఆయన ఒక్కరి పేరుతో మరో వ్యాసం వెలువడింది. పొడవు రెండు పుటలు. కలరా సూక్ష్మజీవులను పెంచిన ద్రవాన్ని వడగట్టి, జీవుల జాడ లేకుండా చేసి, ఆ ద్రవాన్ని మాత్రమే కుందేలు పేగులోకి ఎక్కిస్తే అదే వాపు, అదే నీరు కనిపించాయి. సూక్ష్మజీవి బతికి ఉండగానే ఒక విషాన్ని బయటికి వదులుతుందని, రోగానికి ఆ విషమే కారణమని దానితో తేలిపోయింది. కోచ్ ఊహకు 75 ఏళ్ల తరువాత లభించిన రుజువు ఇది. అదే సంవత్సరం బొంబాయి హాఫ్‌కిన్ సంస్థకు చెందిన ఎన్.కె. దత్తా, ఆయన సహచరులు కుందేలు పిల్లలపై చేసిన ప్రయోగాలతో ఇంచుమించు ఇదే దారిలో మరో ఫలితాన్ని ప్రకటించారు. రెండూ భారతదేశపు ప్రయోగశాలలే. రెండూ ప్రభుత్వ సంస్థలే.

ఆ రెండు పుటల వ్యాసాన్ని అచ్చయిన తొలి ఏళ్లలో పట్టించుకున్నవారు బహు తక్కువ. నేడు ఒక పత్రిక ఘనతను నిర్ణయించే ఇంపాక్ట్ ఫాక్టర్ అనే లెక్క గడచిన రెండేళ్ల వ్యాసాలకు వచ్చిన ఉల్లేఖనలను మాత్రమే చూస్తుంది. ఆ రెండేళ్ల కిటికీలోంచి చూస్తే 1959 నాటి దే వ్యాసం ఒక సాధారణ రచన. దీర్ఘకాలం నిద్రించి తరువాత మేలుకొనే ఇటువంటి వ్యాసాలకు డచ్ పరిశోధకుడు ఆంథొనీ వాన్ రాన్ 2004లో నిద్రాసుందరి అని పేరు పెట్టాడు. పేరు ముచ్చటగానే ఉంది. నిద్రించినది వ్యాసమా, చదవవలసినవారా అన్నది వేరే ప్రశ్న.

విషం నుంచి సంకేతానికి

దే గుర్తించిన విషాన్ని శుద్ధమైన ప్రోటీన్‌గా వేరుచేసినది అమెరికాలోని డల్లాస్‌లో రిచర్డ్ ఫింకెల్‌స్టైన్, ఆయన సహచరుడు లోస్పలుటో. అది 1969. అక్కడి నుంచి కథ కలరాను దాటి, ప్రతి జీవకణానికీ సంబంధించిన మర్మంలోకి ప్రవేశించింది.

ఆ విషంలో రెండు భాగాలున్నాయి. అయిదు ముక్కల వలయం వంటి భాగం పేగు కణం పైపొరను అంటిపెట్టుకుంటుంది. మరో భాగం లోపలికి చొరబడుతుంది. కణంలో సంకేతాలను అందించే జి ప్రోటీన్ అనే ఒక మీట ఉంది. వెలుపలి హార్మోను పిలుపుతో అది తెరుచుకుంటుంది. పని ముగియగానే తనంతట తానే మూసుకుంటుంది. కలరా విషం ఆ మీటకు చిన్న రసాయన శకలాన్ని తగిలించి, మూసుకునే శక్తిని హరిస్తుంది. మీట తెరిచే ఉండిపోతుంది. ఫలితంగా సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం కణంలో అదుపు లేకుండా తయారవుతుంది. ఉప్పు బయటికి పోతుంది. దాని వెంట నీరు పోతుంది. తీవ్రంగా జబ్బుపడిన రోగి గంటకు ఒక లీటరు వరకు నీటిని కోల్పోవడానికి కారణం ఇదే.

మీటను తెరిచి ఉంచగల ఇటువంటి పదార్థం దొరకడం కణ సంకేతాలను శోధిస్తున్నవారికి పెన్నిధి అయింది. హార్మోనులకు ప్రతినిధిగా కణంలో సైక్లిక్ ఏఎంపీ పనిచేస్తుందని కనుగొన్నందుకు ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి లభించింది. వెలుపలి పిలుపుకూ సైక్లిక్ ఏఎంపీకీ నడుమ ఉన్నదేమిటన్న ప్రశ్నకు జవాబు జి ప్రోటీన్. రేడియోధార్మిక పదార్థం కలిపి కలరా విషాన్ని ప్రయోగిస్తే, అది సరిగ్గా ఆ ప్రోటీన్ మీదనే గుర్తు వేసేది. కణంలోని వేలాది ప్రోటీన్ల గుంపులో కావలసినదానిని గుర్తుపట్టడానికి ఈ ముద్ర ఎంతగానో ఉపకరించింది. జి ప్రోటీన్లను కనుగొన్న ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ ప్రోటీన్లకు పిలుపునందించే గ్రాహకాల మీద పనిచేసిన రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో దక్కింది.

ఈ దారిపొడవునా వెలువడిన వ్యాసాలలో కలరా విషం పేరు కనిపిస్తుంది. నేడది సీసాలలో అమ్ముడయ్యే ప్రయోగశాల సరకు. దానిని వాడే పరిశోధకుడు తన వ్యాసంలో సీసా అమ్మిన కంపెనీ పేరు తప్పక రాస్తాడు. 1959 నాటి కలకత్తా వ్యాసాన్ని పేర్కొనవలసిన అగత్యం అతనికి లేదు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన సత్యానికి కర్త పేరు అక్కరలేదన్నది శాస్త్రలోకపు అలిఖిత నియమం. మరీ గొప్ప పరిశోధనలకు కొంతకాలం తరువాత ఉల్లేఖనలు తగ్గిపోవడానికి కారణం కూడా అదే.

తెలుగువారికి బాగా పరిచితమైన ఉదాహరణ ఒకటి ఇందుకు సరిపోతుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం పరిమాణాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖించబడిన వ్యాసాలలో అదొకటి. ఉల్లేఖనలు వేల సంఖ్యలో ఉన్నాయి. అదే ఇద్దరూ 1929లో ఏటీపీని గుర్తించిన సంగతి ప్రకటించారు. జీవకణాలకు శక్తినిచ్చే నాణెం ఏటీపీ. కలరాలో హద్దుమీరే సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేదీ దాని నుంచే. ఈ రెండింటిలో ఏది గొప్ప ఆవిష్కరణ అని అడిగితే వైద్య విద్యార్థి ఎవరైనా ఏటీపీ అనే చెబుతాడు. ఉల్లేఖనల లెక్క మాత్రం భాస్వరం కొలత వైపే మొగ్గుతుంది. కొలత పద్ధతిని వాడిన ప్రతివాడూ దానిని పేర్కొనవలసిందే. ఏటీపీని పేర్కొనడమంటే గాలిని పేర్కొన్నట్లే. అన్నట్టు, ఇంతటి కృషి చేసిన సుబ్బారావుకు హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

ఆలస్యంగా వచ్చిన సాక్ష్యం

దేకు జీవితకాలంలో భారతదేశంలో పెద్ద పురస్కారమేదీ రాలేదు. దేశంలోని శాస్త్ర అకాడమీలేవీ ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ వంటివారు నోబెల్ బహుమతికి ఆయన పేరును ప్రతిపాదించిన మాట స్వదేశంలో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1973లో ఆయన పదవీ విరమణ చేశారు. 1978లో కలరాపై స్వీడన్‌లో నోబెల్ ఫౌండేషన్ సదస్సు జరిపి ఆయనను ఆహ్వానించింది. 1960వ దశకం ఆరంభం నుంచే తాను మరణించినట్లు లెక్క అని, ఈ సదస్సు వారే తనను సమాధి నుంచి తవ్వి తీశారని ఆయన ఆ సభలో అన్నారు. సభామర్యాదకు పలికిన వినయపు మాట కాదది. 1985 ఏప్రిల్ 15న ఆయన మరణించారు.

మరుసటి ఏడాది, 1986లో, గార్‌ఫీల్డ్ తన కరెంట్ కంటెంట్స్ పత్రికలో కలరా పరిశోధనల విస్తృతిని ఉల్లేఖనల ఆధారంగా చిత్రించి, అందులో కలకత్తా శాస్త్రజ్ఞుని స్థానాన్ని ఎత్తిచూపాడు. బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక 1990లో దే కృషిపై ప్రత్యేక సంచిక ప్రచురించి, అకాడమీలు ఆయనను విస్మరించడం కొట్టొచ్చినట్లు కనిపించే లోపమని నిష్కర్షగా పేర్కొంది. నేడు ఆయన పేరు తెలిసిన పదిమందిలో తొమ్మిది మందికి అది తెలిసినది ఆ రెండు ప్రచురణల పుణ్యమా అని.

ఇక్కడ ఉల్లేఖనల పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. స్వదేశంలోని పెద్దలు చూడనిదానిని ఆ లెక్క చూసింది. ఎవరి సిఫారసూ లేని, ఏ ముఠాకూ చెందని కలకత్తా ఆచార్యుని పేరును ఫిలడెల్ఫియాలోని సూచిక తనంతట తాను పైకి తెచ్చింది. కనుక లెక్కను పూర్తిగా తీసిపారవేయాలనడం కృతఘ్నత అవుతుంది. కాని ఆ సాక్ష్యం వచ్చినది ఎప్పుడు? వ్యాసం అచ్చయిన 27 ఏళ్లకు. మనిషి పోయిన ఏడాదికి. గతానికి సాక్ష్యం చెప్పగల సాధనాన్ని రేపటి పదోన్నతికి న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టడం తగదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

దే కాలంలో అకాడమీల పెద్దలు ఆయన వ్యాసాలను లెక్కించనూ లేదు, చదవనూ లేదు. నేటి సంఘాలు లెక్కిస్తున్నాయి. చదివే పని మాత్రం అలాగే మిగిలి ఉంది.

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2010లో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు పాయింట్ల విధానం ప్రవేశపెట్టింది. వ్యాసానికి ఇన్ని, పుస్తకానికి ఇన్ని అని మార్కులు. గిరాకీ ఉన్నచోట సరఫరా పుట్టడం అర్థశాస్త్ర నియమం. డబ్బు చెల్లిస్తే వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో అనేకం సంఘం ఆమోదించిన జాబితాలోనే చోటు సంపాదించాయి. 2018 మేలో సంఘం ఒక్కసారిగా 4,305 పత్రికలను జాబితా నుంచి తొలగించవలసి వచ్చింది. ఆ తరువాత కేర్ అనే కొత్త జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దానినీ నిలిపివేసి, పత్రికల మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యతను సంస్థలకే వదిలేశారు. పరిశోధక విద్యార్థి వ్యాసం అచ్చువేయించనిదే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించరాదన్న నిబంధనను 2022లో తొలగించారు. ఇది మెచ్చదగిన నిర్ణయం. 2016 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న జాతీయ ర్యాంకింగులలో మాత్రం ప్రచురణల సంఖ్యకు, ఉల్లేఖనలకు పెద్దపీట కొనసాగుతోంది. ఒక చేత్తో సడలించిన ఒత్తిడిని మరో చేత్తో బిగించినట్లయింది.

ఇక దే పనిచేసిన వైద్య కళాశాలల సంగతి. 2005 నుంచి 2014 వరకు 579 వైద్య కళాశాలలు, ఆసుపత్రుల పరిశోధనలను పరిశీలించి సమీరన్ నందీ, ఆయన సహచరులు 2016లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వాటిలో 332 సంస్థల నుంచి ఆ పదేళ్లలో ఒక్క వ్యాసం కూడా రాలేదు. మొత్తం వ్యాసాలలో 40 శాతం కేవలం 25 సంస్థల నుంచి వచ్చాయి. పదోన్నతికి వ్యాసాలు కావాలన్న నిబంధనను ఇటువంటి చోట విధిస్తే ఏమవుతుంది? ప్రయోగశాల లేదు, సమయం లేదు, పత్రికలకు చందా లేదు. ఉన్నది నిబంధన ఒక్కటే. అధ్యాపకుడు వ్యాసం కొనుక్కుంటాడు. ఆయనను తప్పుపట్టడం తేలిక.

దేశం మొత్తం మీద లెక్కలు ఘనంగానే కనిపిస్తున్నాయి. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ గణాంకాల ప్రకారం 2022లో భారతదేశం నుంచి వెలువడిన వ్యాసాలు రెండు లక్షలు దాటాయి. చైనా, అమెరికాల తరువాత మూడో స్థానం. పరిశోధనపై దేశం చేస్తున్న ఖర్చు మాత్రం 2020-21 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. తక్కువ పెట్టుబడితో ఇన్ని వ్యాసాలు తీయగలగడం సామర్థ్యానికి గుర్తు అని అధికారులు భావించవచ్చు. కలకత్తాలో దారం ముడితో దే సాధించినదానిని చూపి పేదరికమే ప్రతిభకు మేలని వాదించేవారూ ఉంటారు. వారు గమనించవలసినది 1959కీ 1969కీ నడుమ ఉన్న పదేళ్లు. కలరా విషం ఉందని తేలినది కలకత్తాలో. దానిని శుద్ధి చేసినది డల్లాస్‌లో. దాని చేత కణ రహస్యం చెప్పించి బహుమతులు అందుకున్నదీ అమెరికాలోనే. మొదటి అడుగుకు తెలివి, ఒక కుందేలు సరిపోయాయి. రెండో అడుగుకు శుద్ధి పరికరాలు, సహాయకులు, నిలకడగా నిధులు కావాలి. ఆ అడుగు వేయించవలసిన స్థానంలో ఉన్నవారు ఆ రెండు పుటలను చదివి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఉపఖండం లెక్కకు అందని మరో కృషి కూడా ఈ కలరా చుట్టూనే ఉంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లోని శరణార్థుల నడుమ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని తాగించి, 30 శాతం వరకు ఉన్న మరణాలను 3.6 శాతానికి తగ్గించారు. కలరా విషం చెరచిన కణంలో కూడా చక్కెర, ఉప్పు జంటగా లోపలికి ప్రవేశించే ద్వారం చెక్కుచెదరదు. ఢాకాలోనూ కలకత్తాలోనూ సాగిన పరిశోధనల ఫలితమైన ఈ వైద్యం వెనుక ఉన్న కణ శాస్త్రం అదే. ఆ అనుభవం 1973లో జాన్స్ హాప్కిన్స్ వైద్య పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక తరువాత ఆగిపోయింది. నేడు ఏ ఊరి మందుల దుకాణంలోనైనా దొరికే ఓఆర్ఎస్ పొట్లాన్ని నీటిలో కలిపే తల్లి ఏ వ్యాసాన్నీ ఉల్లేఖించదు. మహలనబిస్ 2022 అక్టోబరులో మరణించారు. మూడు నెలలకు, 2023 జనవరిలో, ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అంకెలను సమర్థించేవారి వాదనలో నిజం లేకపోలేదు. అంకెలు రాకముందు నియామకాలు న్యాయంగా జరిగాయని ఎవరూ అనజాలరు. కులం, ప్రాంతం, గురువుగారి సిఫారసు, ఆచార్యుని ఇంటి చాకిరి కూడా అర్హతలుగా చెల్లిన రోజులున్నాయి. చిన్న పట్టణం నుంచి, అండలేని కుటుంబం నుంచి వచ్చిన యువ పరిశోధకునికి హెచ్ సూచిక ఒక రక్షణ కవచం. తన అంకె ఇది, ఎదుటివాని అంకె అది అని న్యాయస్థానంలో చూపగలడు. ఆ కవచాన్ని లాగివేసి, పెద్దల విచక్షణకు వదిలేయమంటే పాత రోజులు తిరిగి వస్తాయన్న భయం నిరాధారమైనది కాదు. అయితే ఆ అంకెను పెంచుకునే మార్గాలు అండ ఉన్నవారికే ఎక్కువ అందుబాటులో ఉన్నాయి. పెద్ద ప్రయోగశాల అధిపతి పేరు విద్యార్థుల వ్యాసాలన్నిటి మీద ఉంటుంది. ఒకరినొకరు ఉల్లేఖించుకునే బృందాలు ఉన్నాయి. రచయితగా పేరు చేర్చడానికి డబ్బు పుచ్చుకునే వ్యాపారులు ఉన్నారు. కవచం బలవంతునికే ఎక్కువగా పనికివస్తున్నదన్నమాట.

మధ్యేమార్గం లేకపోలేదు. పరిశోధకుని వ్యాసాన్ని అది అచ్చయిన పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్‌ను బట్టి అంచనా వేయరాదన్న ప్రకటన 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకుంది. హైదరాబాద్ కేంద్రంగా వైద్య పరిశోధనలకు నిధులిస్తున్న ఇండియా అలయన్స్ దానిపై సంతకం చేసిన సంస్థలలో ఒకటి. విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు కూడా ఆ దారిని అనుసరించవచ్చు. అభ్యర్థి తన జీవితకాలపు కృషిలో అయిదు వ్యాసాలను మాత్రమే ఎంచి ఇవ్వాలి. అందులో తన పాలు ఎంత, కొత్తగా తేలినదేమిటి అన్నది ఒక పుటలో రాయాలి. సంఘ సభ్యులు ఆ అయిదింటినీ చదవాలి. చదివి ఏమనుకున్నారో సంతకం చేసి లిఖితపూర్వకంగా అభ్యర్థికి ఇవ్వాలి. ఉల్లేఖనల సంఖ్యను పక్కన పెట్టుకోవచ్చు గాని, దాని ఒక్కదాని ఆధారంగా ఎవరినీ తిరస్కరించరాదు. లిఖితపూర్వక కారణం ఉంటే, అన్యాయం జరిగినవానికి న్యాయస్థానంలో చూపడానికి అంకెకన్నా గట్టి ఆధారమే దొరుకుతుంది.

ఇందుకు సమయం పడుతుందన్న అభ్యంతరం రావచ్చు. ఒక అధ్యాపకుడు ముప్పై ఏళ్లు ఆ పదవిలో ఉంటాడు; అతని జీతభత్యాలపై ప్రజాధనం కోట్లలో ఖర్చవుతుంది. అయిదు వ్యాసాలు చదవడానికి రెండు రోజులు పడుతుంది. 2023లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ ద్వారా అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు పరిశోధనకు మళ్లించాలని కేంద్రం సంకల్పించింది. ఆ సొమ్ములో అధిక భాగం ప్రైవేటు రంగం నుంచి రావలసి ఉంది. వచ్చినంతలో కొంత భాగమైనా ఇంతవరకు ఒక్క వ్యాసమూ వెలువరించని జిల్లా వైద్య కళాశాలలకు చేరాలంటే, దరఖాస్తుదారుని హెచ్ సూచికను అడిగే గడిని ఆ నమూనా పత్రం నుంచి ముందు తొలగించవలసి ఉంటుంది.